కుదురుకు మందు... ఒళ్ళంతా చెమట

ఒకచోట నిలవని పిల్లలకు, పనులు సగంలో వదిలేసే పెద్దలకు వైద్యులు ‘ఏడీహెచ్‌డీ’ అని తేల్చి మందులు రాస్తున్నారు. మిథైల్‌ఫెనిడేట్, ఆటమాక్సెటిన్ వాటిలో ముఖ్యమైనవి. పిల్లవాడు బడిలో కుదురుగా కూర్చుంటున్నాడన్న సంతోషం ఒకపక్క, చొక్కా తడిసి ముద్దవుతోందన్న బెంగ మరోపక్క!

ఇది దిష్టీ కాదు, కొత్త రోగమూ కాదు. పరుగెత్తినా, భయపడినా ఒంటికి చెమట పట్టించే నరాలను ఈ మందులు కొంత చురుకు చేస్తాయి. అందరికీ పట్టదు, కొందరికే.

చెమటకు జడిసి సొంతంగా మందు మానేయడం తగదు. మోతాదు తగ్గించాలా, మందే మార్చాలా అన్నది రాసిన డాక్టరే చెప్పాలి. మాత్ర వేసిన వేళ, చెమట పట్టిన వేళ వారం రోజులు నోటుబుక్కులో రాసి చూపిస్తే ఆయనకు పని తేలిక. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న జలుబు మాత్రల సంగతీ దాచకూడదు.

నూలు బట్టలు కట్టాలి. టీ, కాఫీలు తగ్గించాలి. ఎండాకాలం పొలం పనికి వెళ్ళేవారు దాహం వేయకపోయినా నీళ్ళు, ఉప్పు మజ్జిగ తాగుతుండాలి. చంకల్లో చెమటకు అల్యూమినియం క్లోరైడ్ పూత ఉంది. డాక్టరును అడిగి, రాత్రివేళ పొడి చర్మంపైనే రాయాలి. తడికి గజ్జల్లో తామర లేస్తే స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంటు పూయవద్దు, ముదురుతుంది.

చెమటతోపాటు తీవ్ర జ్వరం, ఛాతీనొప్పి, వణుకు, మాట తడబాటు, స్పృహ తప్పడం ఉంటే ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.