మన బిడ్డలకు దారి వేసినవారు

కంభము చెఱువు గట్టును గుండ్లకమ్మ కడ్డముగ గట్టించినది వరదరాజమ్మ యను రాణి యని పెద్దలు చెప్పుదురు. చెఱువు నీరు త్రాగువారు చెఱువు కట్టించినవారిని తలంచుట మన సీమలో అనాదిగా వచ్చుచున్న మర్యాద. ఈ మర్యాదను మన మొక విషయమున మఱచినట్లు తోఁచుచున్నది.

మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములు వానలు తక్కువైన మెట్టసీమ. పలకల గనులును, మిరపచేలును అందఱికిని జీవనము చూపజాలవు. అందుచేత చదువుకొన్న బిడ్డలు దూరదేశములకు బోవుచున్నారు. వారిలో అమెరికా చేరినవారును గలరు. పండుగనాడు ఫోనులో మనుమని ముఖము చూచి మురియు తల్లి, తన బిడ్డ తెలివివలననే ఆ దేశము చేరెనని తలంచును. అది నిజమే. కాని తెలివి యొక్కటియే చాలునా? ఒకప్పుడు మనవారిలో మహామేధావులకును ఆ దేశమున పౌరుడగు హక్కు లేకుండెను. ఆ తలుపు తెఱపించినవారెవరో తెలిసికొనుట మనకు విధి.

1917వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వము ఆసియాఖండమునందలి పెక్కు దేశముల ప్రజలు తమ దేశమునకు వలస రాకుండ శాసనము చేసెను. విద్యార్థులు మున్నగు కొలదిమందికి మాత్రము అందు మినహాయింపు గలదు. 1923లో భగత్‌సింగ్ థిండ్ అను పంజాబు వాసి వ్యాజ్యమున, భారతీయులు తెల్లవారు గారు గనుక పౌరసత్వమున కర్హులు గారని అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను.

ఆ 1923లోనే భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టను నగరము చేరిరి. నేడు గర్భిణీస్త్రీలకు వైద్యు లిచ్చు ఫోలిక్ ఆమ్లమును 1945లో ప్రయోగశాలయందు తయారుచేసిన బృందమునకు నాయకు లాయనయే. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ ద్వీపములలో పోరాడు అమెరికా సైనికులకు బోదకాలు తెచ్చు క్రిములు సోకగా, ఆయన బృందము దానికి మందు కనిపెట్టెను. ఆ మందు పిదప మన దేశమునందలి రోగులకును ఉపకరించెను. ఇంతటి ఉపకారము చేసిన యా మహనీయుడు 1948లో మరణించు పర్యంతము అమెరికా పౌరుడు గాలేదు. తిరిగి స్వదేశమునకును రాలేదు. ఆయన సహధర్మచారిణి శేషగిరిగారు ఈ గట్టుననే యుండిపోయిరి. విద్యకై సముద్రము దాటిన భర్త ఒక తీరమునను, భార్య యొక తీరమునను నిలిచిపోయిన ఆ జీవితమును స్త్రీలమైన మనము సులభముగ గ్రహింపగలము.

యుద్ధము అమెరికాకు ఒక అద్దమును చూపెను. వర్ణాహంకారియగు హిట్లరుతో పోరాడుచు, తన సైన్యమునందే నల్లజాతివారిని వేఱు దళములలో నుంచిన దేశ మది. యుద్ధసామగ్రి చేయు కర్మాగారములలో నల్లవారికి పని దొరకకుండగా, ఫిలిప్ రాండాల్ఫ్ అను కార్మికనాయకుడు రాజధానికి వేలకొలది జనముతో నడచి వచ్చెదనని హెచ్చరించెను. అంతట 1941 జూను నెలలో అధ్యక్షుడు రూజ్‌వెల్టు ఆ కర్మాగారములలో వర్ణభేదమును నిషేధించెను. మఱుసటి సంవత్సరము నల్లజాతి పత్రికలు రెండు విజయములు గావలెనని చాటెను: ఒకటి పరదేశమున శత్రువుపై, రెండవది స్వదేశమున అన్యాయముపై. యుద్ధానంతరము, 1946 జూలై 2వ తేదీన, భారతీయులకు పౌరసత్వపు హక్కు లభించెను. కాని సంవత్సరమునకు నూఱుగురు మాత్రమే వలస పోవచ్చునట! నలువది కోట్లకు నూఱుగురు! తలుపు తెఱచిరనుటకన్న సందు చేసిరనుట యుక్తము.

ఆ సందును సింహద్వారము చేసిన యుద్యమమున స్త్రీల పాలు మిక్కిలి గొప్పది. అమెరికా దక్షిణరాష్ట్రములలో నల్లవారికి వేఱు బడి, వేఱు నీటికొళాయి, బస్సులో వేఱు చోటు. అలబామా రాష్ట్రమున మాంట్‌గొమరీ నగరమందు 1955 డిసెంబరు 1వ తేదీ సాయంకాలము, కుట్టుపని చేసికొని ఇల్లు చేరుచున్న రోసా పార్క్స్ అను నామె, తెల్లవాని కొఱకు తన చోటు విడువ నిరాకరించెను. పోలీసులు నిర్బంధించిరి. ఆ రాత్రియే జో ఆన్ రాబిన్సన్ అను కళాశాల ఉపాధ్యాయిని నిద్ర మాని వేలకొలది కరపత్రముల నచ్చొత్తి, బస్సు నెక్కవలదని తెల్లవారునప్పటికి ఊరెల్ల చాటుటకు సిద్ధము చేసెను.

పిదప 381 దినములు ఆ నగరమున నల్లవారు బస్సు నెక్కలేదు. పరులయిండ్ల వంటలు చేయువారు, బట్టలుతుకువారు, పసిబిడ్డలను సాకువారు వానయనక చలియనక నడచిరి. ఆ సమ్మెకు ధనము చేకూర్చిన యొక వంటలక్క కథ వినుడు. జార్జియా గిల్‌మోర్ అను నామె తోడి స్త్రీలతో గూడి ఇంటిలో కేకులు, మాంసపు వంటకములు చేసి యమ్మి, వచ్చిన సొమ్మును సభలో నొసగుచుండెను. ఇచ్చినవారి పేరు బయటపడిన వారి కూలి పోవును గనుక, ఆ స్త్రీలు తమ సంఘమునకు ఊరు పేరు లేనిదను నర్థము వచ్చు పేరే పెట్టుకొనిరి. న్యాయస్థానమున సాక్ష్యము చెప్పినందులకు ఆమె ఉద్యోగము పోయెను. అయినను పొయ్యి ఆర్పలేదు. తన యింటినే భోజనశాల చేసికొనెను. 1956 డిసెంబరులో బస్సులలోని వర్ణభేదము తొలగెను.

ఈ సమ్మెకు నాయకుడైన మార్టిన్ లూథర్ కింగ్ గాంధీమహాత్ముని సత్యాగ్రహమును మార్గదర్శిగ గైకొనెను. 1959లో భార్యయగు కొరెట్టాతో మన దేశమునకు యాత్రికునివలె వచ్చెను. మన మొసగిన విత్తనమును వారు తమ చెమటతో, నెత్తుటితో పెంచి, దాని ఫలమును మన బిడ్డలకే మఱల నొసగిరి. ఎట్లన, 1964లో పౌరహక్కుల శాసనమును, 1965 ఆగస్టులో ఓటుహక్కు శాసనమును వచ్చినవి. ఇంటిలో వర్ణభేదము అధర్మమైనపుడు, వాకిట పుట్టిన దేశమునుబట్టి మనుష్యుని తూచుట ధర్మమెట్లగును? ఈ ప్రశ్నకు సమాధానముగ 1965 అక్టోబరు 3వ తేదీన అధ్యక్షుడు జాన్సన్ నూతన వలస శాసనముపై చేవ్రాలు చేసెను. మన నూఱుగురి శాసనమును, ఈ శాసనమును ప్రతిపాదించినవారిలో నొకడు ఇమాన్యుయెల్ సెల్లర్ అను సభ్యుడు. 1964 నాటి పౌరహక్కుల శాసనమును ప్రజాప్రతినిధి సభలో నడపినవాడును ఆతడే. మూడు శాసనములును ఒక్క తాటి పూసలని చెప్పుటకు ఇంతకన్న నిదర్శనమేల?

ఈ శాసనము విద్యావంతులకు దారి తీయుటయేగాక, కుటుంబములను కలుపుటకు ప్రాధాన్య మొసగెను. ఇంజనీర్ల వీసాలు 1990 నాటి శాసనమువలన వచ్చినవైనను, పౌరులైనవారు భార్యను, భర్తను, తల్లిదండ్రులను రప్పించుకొను సౌకర్యమునకు ఆధారము 1965 నాటి శాసనమే. కోడలి పురుటికి అమెరికా వెళ్లి వచ్చు అత్తగారు ఒక్కపరి శేషగిరిగారిని తలంచుకొన్నచో, ఈ హక్కు విలువ తెలియును.

సోదరీమణులారా! ఇంతటి ఋణము గలిగియు మన యిండ్లలో నల్లజాతివారిని గూర్చి వినవచ్చు మాటలు ఎట్టివి? నల్లవారుండు వీథిలో ఇల్లు తీసికొనవలదని తల్లులు ఫోనులో బుద్ధులు చెప్పుట లేదా? పిల్ల నలుపని పెండ్లిచూపులలో ముఖము చిట్లించుట లేదా? 1950లో మన రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించినను, పనిమనిషికి వేఱు గ్లాసు పెట్టు ఇండ్లు నేటికిని లేవా? మాంట్‌గొమరీ నీటికొళాయికిని ఆ గ్లాసునకును భేద మేమి? 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రమున ఒక తెలుగు ఇంజనీరును, నా దేశమునుండి పొమ్మని యఱచుచు ఒకడు కాల్చి చంపెను. వర్ణద్వేషము ఒకరి గుమ్మమున ఆగునది కాదని అది మనకు నేర్పిన కఠినమైన పాఠము.

కావున బిడ్డ ప్రయాణమునకు పచ్చళ్లు, పొడులు మూట గట్టునపుడు రోసా పార్క్స్ కథను, జార్జియా గిల్‌మోర్ కథను గూడ చెప్పి పంపుడు. అచ్చట నల్లజాతి పొరుగువారు కనబడినపుడు, వీరి పెద్దలు నడచిన నడకవలననే నేను విమానమెక్కితినని వాడు తలంచునట్లు పెంచుడు. మన వంటయింట వేఱు గ్లాసున్నచో నేడే తీసివేయుడు. కృతజ్ఞత మాటలతో తీరునది కాదు; ఇంటినుండియే మొదలిడవలయును.