వర్తకుడు మరల బడికి పోవుట



ముప్పదియైదేండ్ల వాడు, తాతగారు కట్టించిన బియ్యపు మిల్లును పదేండ్లుగ సమర్థతతో నడుపుచున్నవాడు, తండ్రి యొద్దకు వచ్చి మరల కళాశాలలో చేరి ఎం.బి.ఏ. చదివెదననినచో ఆ తండ్రి యేమనును? ఈత నీటిలో వచ్చును గాని గట్టున కూర్చుండి పాఠము వినిన వచ్చునా యనును. ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. అయినను విచారింపవలసినది కొంత కలదు.

ఎం.బి.ఏ. యనగా వ్యాపార నిర్వహణమున బి.ఏ. వంటి చదువులకు పైబడిన పట్టము. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయము 1908లో దీనికొక పాఠశాలను స్థాపించెను. పనిలోనున్న అధికారుల కొఱకే షికాగో విశ్వవిద్యాలయము 1943లో వేరు తరగతి తెరచెను. మన ఆంధ్ర విశ్వవిద్యాలయము వాల్తేరులో 1957లోనే ఈ చదువు నారంభించినది. కలకత్తా, అహమ్మదాబాదు సంస్థలు 1961లో వచ్చినవి.

పదేండ్లు వ్యాపారము చేసినవాడు అచ్చట నేర్చుకొనునదేమి? మన మిల్లు యజమాని రైతునకు వడ్లసొమ్ము రొక్కముగ నిచ్చును. బియ్యము మాత్రము పట్టణపు వర్తకులకు రెండు నెలల యరువుపై నమ్మును. నెలకు 10 లక్షల రూపాయల బియ్యమమ్మినచో ఎల్లప్పుడును 20 లక్షలు పరుల చేతిలో నుండును. అమ్మకము రెట్టింపైన నాడు ఆ బాకీ 40 లక్షలగును. లెక్కపుస్తకమున లాభము పెరుగుచునే యుండును. పెట్టెలో రొక్కము తరుగుచుండును. యజమాని పాపము గుమాస్తాను శంకించును, అప్పు తెచ్చును, వడ్డీ లాభమును తినివేయును. బేరము లేక చెడిన వ్యాపారమును లోకమెఱుగును. బేరము పెరిగి చెడినదానిని గుర్తించువారరుదు. అమ్మకము పెంచుటకు ముందే ఎంత రొక్కము కావలయునో లెక్కకట్టుట తరగతిలో నేర్పుదురు. అనుభవమును దీనిని నేర్పును గాని, మిల్లు పోయిన పిదప నేర్పును.

హార్వర్డున ఉపన్యాసములు తక్కువ. ఒక కంపెనీకి వచ్చిన చిక్కును కొన్ని పుటలలో వ్రాసియిచ్చి, నీవే యజమానివైన నేమి చేసెదవని యడుగుదురు. తరగతిలోని సుమారు 90 మంది తలకొక మాట చెప్పుదురు. ఇంట తన మాటకెదురులేని యజమానికిది తొలుత చేదుగ నుండును. నా యభిప్రాయమున ఉపకారములో పెద్దపాలు అందే యున్నది.

ఉద్యోగార్థికి పట్టము జీతమును పెంచవచ్చును. స్వంత వ్యాపారస్థునకు జీతమిచ్చువాడు తానే గదా! పరువు కొఱకును పెండ్లిసంబంధము కొఱకును పోయినచో ఆ రుసుము దండుగ. పైగా పూర్తికాలపు చదువునకు అహమ్మదాబాదు వంటిచోట ఏడాది మొదలు రెండేండ్ల వఱకు పట్టును. అందువలననే వారాంతపు తరగతులు పుట్టినవి. శనివారము నేర్చిన లెక్కను సోమవారము తన బాకీల చిట్టాపై వేసి చూచుకొనవచ్చును.

కుమారుడిట్లడిగినచో, ముందుగ నతనిని ఒక మాసము మిల్లునకు దూరముగ నుంచి చూచుట మంచిది. పని స్తంభించినచో దరఖాస్తును మఱుసటి యేటికి వాయిదా వేసి, ఆలోపల కొనుగోలునకును లెక్కలకును తగిన మనుష్యులను సిద్ధపఱచుకొనవలయును.