పులివేషమునకు గోళ్ళు: చేయు విధము, ఎన్నుకొను విధము

దసరా దినములలో గాని, సంక్రాంతికి గాని, పీర్ల పండుగనాడు గాని వీథిలో డప్పు మ్రోగినంతనే పిల్లలు చేతిలోని ముద్దను విడిచి గుమ్మములోనికి పరుగెత్తుదురు. పసుపు పూసిన యొడలు, నల్లని చారలు, నడుమున తోక, ముఖమున మీసములు, చేతులకు గోళ్ళు! పులివేషము తెలుగు పల్లెలకు ఎంత పాత వేడుకయో చెప్పనక్కరలేదు. దీనిని నిలుపుకొనుట గ్రామమునకు గౌరవము. అయితే ఈ వేషములో మిక్కిలి చిన్నదిగా కనబడు గోటి విషయమున పంచాయతీ సభ్యులు కొంత శ్రద్ధ వహింపవలసియున్నది.

కొలది కాలము క్రిందట ఈ వ్యాసకర్త ఒక గ్రామమునకు పోయినపుడు, మూడు తరములుగా పులివేషము కట్టుచున్న యింటి పెద్ద యొకరు చిన్న రేకు పెట్టెను తెచ్చి సర్పంచిగారి ముందు ఉంచినారు. అందులో గుడ్డలో చుట్టిన గోళ్ళు అయిదు ఉన్నవి. “ఇవి మా తాతగారి నాటివి బాబూ! నిజం గోళ్ళో కావో నాకు తెలియదు. ఈ దసరాకి మనవడు కట్టుకుంటానంటున్నాడు. కట్టనియ్యమంటారా, వద్దంటారా?” అని ఆయన అడిగినారు. అక్కడున్న వారిలో ఒకరు కట్టనిమ్మనిరి, ఒకరు చెరువులో పారవేయుమనిరి, మరియొకరు మంచి ధర వచ్చునని చెప్పిరి. ఈ మూడు సలహాలును తప్పే. ఎందుచేతనో చూతము.

నిజమైన గోరు ఎట్లుండును?

పులికి ముందు కాలికి అయిదు, వెనుక కాలికి నాలుగు, మొత్తము 18 గోళ్ళు ఉండును. ముందు కాలి అయిదవ గోరు లోపలివైపున పైకి ఉండి నేలను తాకదు. గోరు కొడవలివలె వంగి, ప్రక్కలకు అణగి, లేత దంతపు రంగుతో నుండును. పులి నడచునపుడు గోళ్ళను లోనికి ముడుచుకొనును. అందుచేత పులి అడుగుజాడలో సాధారణముగా గోటి గుర్తు పడదు. దెబ్బ తీయునపుడు మాత్రమే అవి బయటికి వచ్చును. చిరుతకును ఇట్లే. ఎలుగుబంటి గోళ్ళు వేరు. పుట్టలను త్రవ్వి చెదలను తినుటకు అనువుగా అవి పొడవై, వంపు తక్కువై, ఎల్లప్పుడును బయటికే కనబడుచుండును. ఈ భేదము తెలిసిన వేషగాడు పులియై నడచునపుడు వ్రేళ్ళు ముడిచి, లంఘించునపుడు విప్పును. చూచువారికి పులి కనబడునది ఆ చేతి కదలికలోనే గాని గోటి పదునులో కాదు.

గోరు ఏ పదార్థముతో నైనదో కూడ తెలిసికొనవలెను. మన గోరు, పశువుల కొమ్ముపై తొడుగు, పులి గోరు అన్నియు ఒకే జాతి పదార్థము. అందుచేతనే పశువుల కొమ్మును, గిట్టను చెక్కి పులిగోళ్ళని అమ్మువారు కలరు. కంటితో చూచి తేల్చుట కష్టము. హైదరాబాదులోని సీసీఎంబీ వంటి పరిశోధనాలయములలో జీవకణ పరీక్ష చేసి ఏ జంతువుదో నిర్ణయింతురు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము పులి, చిరుత, ఎలుగుబంటి మొదటి షెడ్యూలులో చేరినవి. వాటిని వేటాడుటయే కాక, వాటి గోరు, పన్ను, చర్మము, వెండ్రుక మున్నగువానిని అనుమతి లేక ఉంచుకొనుటయు, కొనుటయు, అమ్ముటయు నేరము. మొదటి షెడ్యూలు జంతువుల విషయమున శిక్ష 3 సంవత్సరములకు తగ్గక 7 సంవత్సరముల వరకు ఉండును. 2022వ సంవత్సరపు సవరణ పిదప జుల్మానా 25,000 రూపాయలకు తగ్గరాదు. పిల్లల మెడలో పులిగోరు పతకము వేయు అలవాటు మనలో ఉన్నది. ఆ పతకములోనిది నిజమైన గోరైనచో, దానికిని ఈ చట్టమే వర్తించును.

ఈ కట్టుబాటు ఊరక పుట్టలేదు. 2006లో లెక్కించినపుడు దేశమంతట మిగిలిన పులులు సుమారు 1,411 మాత్రమే. 2022 నాటి అంచనాలో ఆ సంఖ్య సగటున 3,682కు పెరిగినది. ఆంధ్రప్రదేశములోని నాగార్జునసాగర్ శ్రీశైలము, తెలంగాణములోని అమ్రాబాదు, కవ్వాలు అడవులు పులుల సంరక్షణకై ప్రత్యేకింపబడినవి. ఒక్క గోరు బజారులో అమ్ముడుపోయినదనగా, వెనుక ఒక పులి చచ్చినదని గ్రహింపవలెను. ఆ గోటికి వెల కట్టువాడు ఉన్నంతవరకు ఉచ్చు పన్నువాడును ఉండును.

గోళ్ళు చేయు విధము

నిజమైన గోటితో పని లేకయే చక్కని గోళ్ళు చేయు పదార్థములు మన చేతిలోనే ఉన్నవి.

మొదటిది పొణికి కర్ర. కొండపల్లి, నిర్మలు బొమ్మలు చేయు తేలికైన కర్ర ఇదియే. కర్ర ఈనె గోటి పొడవు వెంట సాగునట్లు ముక్కను కోయవలెను. ఈనె అడ్డముగా నున్నచో వంపుకడ విరుగును. పెద్దవారికి 5 సెంటీమీటర్ల పొడవు చాలును. మొనను పెన్సిలు వెనుక కొనయంత గుండ్రముగా విడువవలెను. పగుళ్ళున్నచో, కొండపల్లి పనివారు వాడు మక్కుతో, అనగా రంపపు పొట్టును చింతగింజల జిగురును కలిపిన ముద్దతో పూడ్చి, ఆరిన తరువాత గరుకు కాగితముతో రుద్దవలెను.

రెండవది కాగితపు గుజ్జు. దీనికి ఖర్చు మిక్కిలి తక్కువ. పాత కాగితములను ఒక దినము నానబెట్టి, రోటిలో దంచి, నీరు పిండి, చింతగింజల జిగురుతో కలుపవలెను. జనపనార త్రాటి ముక్కను నడుమ ఉంచి దాని చుట్టును గుజ్జును గోటి ఆకారమున అదుమవలెను. త్రాటి కొస మొదట వైపున జానెడు బయటికి ఉండనిచ్చినచో, పిమ్మట కుట్టుటకు పనికివచ్చును. ఎండలో కాక నీడలో ఆరబెట్టినచో బీటలు వారవు. నడుమ ఇనుప తీగను ఉంచరాదు. గుజ్జు విరిగిన నాడు ఆ తీగయే గ్రుచ్చుకొనును.

మూడవది గుడ్డయు, రబ్బరును. పిల్లల వేషములకు ఇవియే తగినవి. పాత హవాయి చెప్పు అట్టను కత్తితో కోసి వంపు తీర్చవచ్చును. మందపు గుడ్డను సంచివలె కుట్టి దూదితో నింపవచ్చును. దివిటీల చెంతను, బాణాసంచా చెంతను వీనిని ధరింపరాదు.

రంగు వేయునపుడు తెల్లసుద్దలో కొంచెము పసుపు మట్టి కలిపి, మొదటికడ మాత్రము ఒకింత ముదురు చేసినచో దూరమునకు నిజమైన గోరే యనిపించును.

రేకు, ఇనుము, గాజు ఎన్నడును వాడరాదు. గుంపులో త్రిప్పిన చేయి ఎవరి కంటికి తగులునో ఎవరు చెప్పగలరు? కొమ్ముతో చేసిన గోరు చట్టరీత్యా పులి గోరు కాకపోయినను, మొన పదునుగా నుండును. పైగా తనిఖీలో నిజమైనదని అనుమానము కలుగును. వేషగానిని పండుగనాడు ఠాణా మెట్లు ఎక్కించునట్టి అలంకారము మనకు వలదు.

చేతికి అమర్చు విధము

గోళ్ళను వ్రేళ్ళ కొసలకు కాక, చేతి తొడుగు పైభాగమున, వ్రేళ్ళ వెనుకవైపున కుట్టవలెను. వేషగాడు అరచేతులను నేలకు ఆనించి వంగును, పొర్లును. కొసలకు కట్టిన గోరు అప్పుడు విరుగును, లేదా వ్రేలిని విరుచును. జిగురు ఒక్కటే చాలదు. చెమటకు అది కరగిపోవును. కర్ర గోటికి మొదట రెండు రంధ్రములు చేసి నూలు త్రాటితో కుట్టి, ముడి లోపల ఒరయకుండునట్లు గుడ్డ పట్టీ వేయవలెను.

ఎన్నుకొనునపుడు చూడవలసినవి

పంచాయతీ తరఫున వేషములు ఏర్పాటు చేయునపుడు సభ్యులు ఈ నాలుగు పరీక్షలు చేయుట మంచిది.

1. గోటి మొనను అరచేతికి అదిమి చూడవలెను. నొప్పి కలిగినచో మరల రుద్దించవలెను.

2. గోటిని పట్టి గట్టిగా లాగవలెను. కదలినచో మరల కుట్టించవలెను.

3. తొడుగుతో చెంబు పట్టించి నీరు త్రాగించవలెను. త్రాగలేనివాడు పడినపుడు తన్ను తాను ఆపుకొనలేడు.

4. గోరు ఎక్కడిదని అడుగవలెను. “తాతలనాటిది” అను జవాబు వచ్చినచో దానిని వాడనీయరాదు.

అనుమానపు గోరు కనబడినచో దాచుట, పారవేయుట, అమ్ముట మూడును కూడవు. అట్టి వస్తువు చేతికి వచ్చినవారు 48 గంటలలో దగ్గరి పోలీసు ఠాణాకు గాని, అధికారమున్న అటవీ అధికారికి గాని తెలుపవలెనని చట్టము నిర్దేశించుచున్నది. ఎన్నటినుండియో ఇంటనున్న దానిని గూర్చియు, తెలిసిన వెంటనే అటవీ శాఖవారికి చెప్పుటయే మేలు. చదువురాని వేషగాడు ఒంటరిగా ఆఫీసుకు పోవుటకు జంకును. ఆ సమయమున వార్డు సభ్యుడు తోడు పోయి, విషయమును కాగితముపై వ్రాయించి, రసీదు తీసికొని యిచ్చినచో అది గొప్ప సేవ యగును.

పైన చెప్పిన గ్రామమున సర్పంచిగారు చేసినది అదియే. ఆ పెద్దమనిషిని తన వెంట రేంజి ఆఫీసరువద్దకు తీసికొనిపోయి, పెట్టెను అప్పగింపజేసినారు. ఆ గోళ్ళు పులివో, పశువు కొమ్మువో పరీక్షలో తేలవలసియున్నది. ఆ దసరాకు మనుమడు గ్రామపు వడ్రంగి చెక్కిన పొణికి గోళ్ళు కట్టుకొని ఆడినాడు. అరుగుమీద కూర్చున్న తాతగారు డప్పు దరువునకు తల యూచుచు, “గోరేదైతేనేం, అడుగు మాదే!” అన్నారు. ముందు వరుసలోని పిల్లలు ఎప్పటివలెనే భయపడి తల్లుల చాటునకు పోయినారు.

పండుగ ఊరిలో ఆడవలెను, పులి అడవిలో తిరుగవలెను. ఈ రెండును నిలుచునట్లు చూచుట పంచాయతీ పెద్దల చేతిలోనున్న పని. వచ్చు పండుగకు ముందే మీ గ్రామములోని వేషగాండ్రను పిలిపించి, వారి గోళ్ళను ఒకసారి పరికింపుడు.