చప్పుడు లేని రేడియేటరు

పల్నాటి వీరగాథ పాడు వృద్ధుని కంఠమును ఇంటివద్ద ముద్రించుచున్నారనుకొందము. పాట వెనుక కంప్యూటరు పంకా రొద వినవచ్చినచో ఆ ముద్రణ చెడినట్లే. ఆ కంఠము మరల దొరకకపోవచ్చును. స్టూడియోలో మేము యంత్రమును వేరొక గదిలో ఉంచుదుము. ఇంటిలో అది కుదరదు గనుక శ్రోతలలో కొందరు నీటి శీతలీకరణ వైపు మొగ్గుచున్నారు.

అయితే నీరున్నచో చప్పుడుండదనుట సగమే నిజము. నీరు వేడిని మోసికొనిపోవునే గాని పోగొట్టదు. దానిని గాలిలోనికి విడుచునది రేడియేటరు. అచ్చట పంకా తిరుగక తప్పదు. పంకా వేగము సగమైనచో రొద సుమారు 15 డెసిబెల్లు తగ్గును. కావున మెల్లని గాలితోనే పనిచేయు రేడియేటరును ఎన్నుకొనవలెను. 140 మిల్లీమీటర్ల పంకాలు రెండు పట్టునది, 120 మిల్లీమీటర్లవి రెండు పట్టుదానికంటె మూడవవంతుకు పైగా విశాలము. అంగుళమునకు 30 రేకులున్నచో మెల్లని గాలి వాని సందులలో దూరుట కష్టము; 10, 12 ఉన్నవి మేలు.

మన ప్రాంతమున దీనికి మరియొక కారణము కలదు. జిన్నింగు మిల్లుల దాపున గాలిలో తేలు దూది నూగు రేకులకు పట్టి కంబళివలె అల్లుకొనును. మిరప కల్లాల ధూళి దానికంటును. గాలి ఆడదు, నీరు వేడెక్కును, పంకా వేగమందుకొనును. రేకులు ఎడముగా ఉన్నచో మెత్తని కుంచెతో దులుపవచ్చును. (నోటితో ఊదబోయినవారికి తుమ్ములే మిగులును!) ఇక రెంటచింతల వంటి చోట వేసవిలో గది వేడిమి 40 డిగ్రీలున్నచో, నీరు అంతకు దిగువకు చల్లబడనేరదు. అందుచే ఎండాకాలపు లెక్కతో కొంత పెద్దదే కొనవలెను.

పెట్టెలో చోటు కొలుచునపుడు రేడియేటరు మందమునకు పంకా మందము 25 మిల్లీమీటర్లు కలుపుకొనవలెను. యంత్రమును మాత్రము మైక్రోఫోనున్న బల్లపై ఉంచరాదు. పంపు కంపము చెక్క వెంట పాటలోనికి చేరును.