వరిపొలమందలి రెండు నల్లులు: కంపునల్లి, నీటినల్లి

పొలమున నల్లి కనబడినతోడనే మందు చల్లుట పలువురు రైతులకు వాడుక. కాని నల్లిజాతి పురుగులన్నియు పైరునకు శత్రువులు కావు. ఈ జాతి పురుగులకు సూదివంటి ముక్కు ఉండును. దానితో అవి రసమును పీల్చునేగాని దేనినిని నమలి తినలేవు. ఏ నల్లి దేని రసమును పీల్చునో తెలిసికొనినగాని మంచిచెడ్డలు నిర్ణయింప వీలుకాదు.

1. కంపునల్లి. — ఇది అర అంగుళమునకు మించిన పొడవు గలిగి, సన్నముగా, ఆకుపచ్చ కలిసిన గోధుమవన్నెతో నుండును. కాళ్లును మీసములును పొడవు. ముట్టినచో దుర్గంధము వెడలును. గట్లమీది గడ్డిలో పెరిగి, వరి యీనినపిమ్మట కంకులపైకి వచ్చును. ఉదయమునను సాయంకాలమునను పాలుపోసికొను గింజలలోని పాలను పీల్చును. ఎండవేళ నీడకు దిగును. అందుచే కొన్ని గింజలు తాలుపోవును. మిగిలినవి మచ్చలుపడి దంపునప్పుడు నూకయగును.

2. నీటినల్లి. — ఇది ఆవగింజంత మాత్రమే యుండి, మడిలోని నీటిపై గుంపులుగా పరుగెత్తుచుండును. పైరును ముట్టదు. సుడిదోమ దుబ్బుల మొదళ్ల నుండి రసము పీల్చును గదా! ఆ దోమపిల్లలు జాఱి నీటిపై పడినతోడనే నీటినల్లులు కూడి వానిని పొడిచి పీల్చివేయును. ఒక్కొక్కటి దినమునకు నాలుగు మొదలు ఏడు వఱకు దోమలను చంపగలదు. మడి యెండిపోయినచో ఇది నిలువదు.

3. మందువలని నష్టము. — అవసరము లేక చల్లిన మందు నీటినల్లిని, సాలెపురుగులను చంపును. కాండములోపల పెట్టబడిన సుడిదోమ గ్రుడ్లు మాత్రము మిగులును. వానినుండి పుట్టిన పిల్లలకు అడ్డు లేనందున దోమ మునుపటికంటె హెచ్చును. ఇండోనీషియాలో ఇట్టి నష్టము మిక్కుటముకాగా, 1986వ సంవత్సరమున అచ్చటి ప్రభుత్వము వరిపై 57 మందుల వాడుకను నిషేధించినది.

4. రైతులు చేయవలసినవి. — వరి యీనకమునుపే గట్లమీది గడ్డిని కోసివేయవలెను. కంపునల్లులు కొలదిగా నున్నప్పుడు, తెల్లవాఱుజామున గుడ్డవలతో కంకులమీద దువ్వి పట్టి, కిరసనాయిలు కలిపిన నీటిలో వేయవలెను. మందు చల్లదలచినవారు ముందుగా మడిలోనికి దిగి, కంకులను, దుబ్బుల మొదళ్లను, నీటిని చూడవలెను. నీటిమీద పరుగెత్తు నల్లి రైతునకు కూలి యడుగని కాపలాదారు. దానిని చంపి, పిమ్మట దోమకు మందు కొనుట రెండింతల నష్టమని రైతులు గమనింతురుగాక.