బూడిదబొట్టు, కడిగిన మొగము

గత సంవత్సరము మట్టల ఆదివారమునాడు హోసన్నా ధ్వనులతో ఊరేగించి, ఏడాదిపాటు పటముల వెనుకను వాసములయందును ఎండి గలగలలాడిన ఆ మట్టలనే తెచ్చి దహించి, ఆ బూడిదతో భస్మ బుధవారమున విశ్వాసుల నొసట సిలువ గుర్తు వ్రాయుట కతోలికాది సంఘములలో చిరకాలాచారము. జయధ్వానములు విన్న ఆకులే మన మృణ్మయత్వమునకు సాక్ష్యము పలుకుట నిష్ఠురమైన చమత్కారమే. అంతకన్న విచిత్రమేమనగా, ఆ ఆరాధనలోనే, ఉపవసించువాడు మొగము కడిగికొని, తలకు నూనె రాచికొని, తన నిరాహారమును అన్యులకు తెలియనీయరాదను మత్తయి సువార్త 6వ అధ్యాయమును చదువుదురు. ఈ వైరుధ్యమును పూర్వులు గమనింపలేదనుకొనుట మన అమాయకత్వము. గుర్తు పెట్టినవారి నోటితోనే దానిని గూర్చి గర్వింపకుమని వారించుట వారి అభిమతమని నాకు తోచును.

ఆ బుధవారము మొదలు పునరుత్థాన పండుగ ముందటి శనివారము వఱకు గల 46 దినములలో, ఆదివారములు 6 ఉపవాసమునకు తగనివగుటచే తీసివేయగా మిగులునవి 40. అరణ్యమున యేసు ఉపవసించిన దినములును అన్నియే. ఆకలిగొన్న ఆయన ఎదుట శోధకుడు మొట్టమొదట పెట్టిన ఆశ రొట్టె. తన ఆకలికై రాళ్లను రొట్టెలు చేయుటకు సమ్మతింపనివాడే, పిమ్మట మఱియొక నిర్జన ప్రదేశమున, అయిదు రొట్టెలను రెండు చేపలను అయిదువేలమందికి చాలునట్లు పంచిపెట్టెను. ఈ రెండు ఘట్టములను ప్రక్కప్రక్కన ఉంచి చదివినవారికి ఈ 40 దినముల శ్రమకాలపు ఉపవాసమునకు వేఱు భాష్యమక్కఱలేదు. గోనెపట్టను బూడిదను ఆక్షేపించి, ఆకలిగొన్నవానికి ఆహారము పెట్టుటయే దేవుడు కోరు ఉపవాసమని యెషయా 58వ అధ్యాయమును ఘోషించుచున్నది.

తెలుగునాట ఈ సంగతిని బోధకులకన్న ముందు ఇల్లాండ్రు గ్రహించినట్లున్నది. ఎసటిలో పోయుటకు కొలిచిన బియ్యమునుండి పూటపూటకు పిడికెడు తీసి వేఱొక కుండలో దాచి, ఆదివారము గుడిలో ఒప్పగించు ‘పిడికెడు బియ్యము’ ఆచారము ఎన్నో పల్లె సంఘములను పోషించినది. ఆ పూట తగ్గిన మెతుకులెన్నియో భర్తకు సైతము తెలియదు. కడపట గిన్నె ఊడ్చి తినునది ఆమెయే గదా! ఉపవాస కూటములను వీధివీధిని మైకులలో చాటు నేటి ఉత్సాహమును నేను నిందింపను గాని, ఆ 6వ అధ్యాయమును కూడ అదే మైకులో చదివినచో బాగుండును.

ఇక మంచి శుక్రవారము. పగలు పండ్రెండు మొదలు మూడు గంటల వఱకు, సిలువపై యేసు పలికిన ఏడు మాటలను ఏడుగురు ప్రసంగీకులు వివరించు ఆరాధన మన సంఘములకు ఎంత సొంతమైనదనగా, దాని పుట్టిల్లు పెరూ దేశమందలి లీమా నగరమనియు, 1687 నాటి భూకంపము తరువాత అలోన్సో మెస్సియా అను జెసూట్ గురువు దానిని ప్రారంభించెనందురనియు చెప్పిన మనవారు నమ్మరు. ఆ ఏడింటిలో అయిదవది దాహమును గూర్చినది. రొట్టె చేసికొననొల్లనివాడు తుదకు తనకై నోరు తెఱచి అడుగగా, అందినదల్లా చిరకతో తడిసిన స్పంజి. ఆ వంతు వచ్చుసరికి రెండు గంటలు కావచ్చును. రేకుల పందిరి క్రింద, ఉదయమునుండి మంచినీరైన ముట్టక కూర్చున్న సభకు దాహమును గూర్చి ప్రసంగీకుడు వివరింపవలసినది అంతగా ఉండదు, తెలిసినవాడైనచో క్లుప్తముగా ముగించును.