ల్యాప్‌టాప్‌లో చోటు చాలనప్పుడు డిజైన్లను తుడిచివేయవద్దు

మన సభ్యుల యిండ్లలో గ్రాఫు కాగితము ప్రక్కన ల్యాప్‌టాప్ వచ్చి చేరి చాల కాలమైనది. బుటా గాని, అంచు గాని, కొంగు గాని తెరపైననే గీసి, అట్టలు కొట్టువారికో, ఎలక్ట్రానిక్ జకార్డు గలవారికో పంపుచున్నాము. కాబట్టి కబ్బన్‌పేట, నగర్తపేటల నుండి వచ్చు సభ్యులు పట్టు ధర, జరీ ధర మాటాడిన పిదప ఇప్పుడు మరియొక కష్టము కూడ చెప్పుచున్నారు. "డిస్కులో చోటు లేదని యెర్ర గీత చూపుచున్నది. మొన్ననే ఖాళీ చేసితిమి. మరల నిండినది."

ఈ స్థితిలో మనలో చాలమంది మొదట చేయు పని పాత డిజైన్లను తుడిచివేయుట. ఎప్పుడో నేసిన చీర, ఇక దానితో పనియేమి అనుకొందురు. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము అదియే. డిజైన్లను తీసివేసినందువలన చోటు దొరకదు. ఎందుచేతనో లెక్క వేసి చూతము.

240 హుక్కుల జకార్డు, 600 అట్టల బుటా అనుకొనుడు. పేకకు ఒక అట్ట. అట్టకు 240 స్థానములు. ప్రతి స్థానమున రంధ్రమున్నదా లేదా అనునదే సంగతి. మొత్తము 1,44,000 స్థానములు. కంప్యూటరు స్థానమునకు ఒక బైటు చొప్పున వ్రాసుకొన్నను 144 కిలోబైట్లు. పొదుపుగా ఎనిమిది స్థానములను ఒక బైటులో ఇమిడ్చినచో 18 కిలోబైట్లే. అటక మీద గోనెసంచి నిండ నుండు అట్టలకు డిస్కులో పట్టు చోటు ఈ మాత్రమే. అదే బుటాను గీసిన ఏ4 కాగితమును స్కానరుపై అంగుళమునకు 600 చుక్కల చొప్పున రంగులలో తీసి, కుదింపక దాచినచో సుమారు 100 మెగాబైట్లగును. అనగా ఒక్క స్కాను తినివేయు చోటులో అట్టి డిజైన్లు దాదాపు 700 పట్టును. సెల్‌ఫోనుతో తీసిన ఒక నిమిషము వీడియో కూడ ఇంచుమించు అంతే.

1839లో ఫ్రాన్సు దేశపు లియాన్ పట్టణమున జకార్డు చిత్రపటమునే పట్టులో నేసిరి. అందుకు 24,000 అట్టలు పట్టెను. అట్టకు వేయికి మించిన రంధ్రస్థానములు. అంత పనియు నేటి లెక్కలో మూడు మెగాబైట్లకు కొంచెము హెచ్చు, తక్కువ. పెండ్లిలో తీసిన ఒక ఫోటో అంత. మన విద్య డిస్కును నింపునది కాదు.

మరి నింపునదేది? దానిని ఊహింపక వెదకవలెను. విండోస్ గల ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్ తెరచి, సిస్టమ్, అందులో స్టోరేజ్ అను చోటికి పోయినచో ప్రోగ్రాములకెంత, చిత్రములకెంత, తాత్కాలిక ఫైళ్లకెంత అని వేరువేరుగా చూపును. ఇంకను వివరముగా కావలసినవారికి విన్‌డిర్‌స్టాట్ అను ఉచిత ప్రోగ్రాము గలదు. అది డిస్కునంతయు చూచి, పెద్ద ఫైళ్లను పెద్ద గళ్లుగా, చిన్నవానిని చిన్న గళ్లుగా రంగులలో చూపును. గ్రాఫు చదువు మనవారికి అది క్షణములో అర్థమగును.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఆ స్టోరేజ్‌లోనే తాత్కాలిక ఫైళ్లను తీసివేయు జాబితా యొకటి యున్నది. అందులో పనికిరానివానితోపాటు డౌన్‌లోడ్స్ అను గడి కూడ నుండును. మేము ఒకప్పుడు అన్నియు చెత్తయే గదా యని ప్రతి గడిలోను గుర్తు పెట్టితిమి. వాట్సాప్‌లో వచ్చిన పాత కొంగు డిజైను ఒకటి డౌన్‌లోడ్స్‌లోనే యుండెను. పోయినది. ఆ విధముగా తీసివేసినవి రీసైకిల్ బిన్‌లోనికి కూడ రావు. ఆ డిజైను గీసిన పెద్దాయన అప్పటికే లేరు. పాత చీర యొకటి తెప్పించి, భూతద్దము పెట్టి పోగు పోగు లెక్కించి మరల గ్రాఫు వ్రాయుటకు పదునొకండు దినములు పట్టినది. దొరికిన చోటు మాత్రము చెప్పుకొనదగినంత లేదు.

చోటు ఒకమారు నిండుట వేరు, ఖాళీ చేసినకొలది నిండుట వేరు. రెండవదైనచో ఏదో యొకటి లోపల నుండి నిత్యము పోయుచున్నదని అర్థము. దానిని పట్టుటకు మేము చేయు పని మిక్కిలి సులభము. ప్రతి సాయంకాలము ఖాళీ చోటు ఎన్ని గిగాబైట్లో జరీ పద్దు వ్రాయు పుస్తకములోనే ఒక ప్రక్క వ్రాసికొందుము. వారము తిరుగునప్పటికి దొంగ నడక తెలియును.

ఒక్క రాత్రిలో పది యిరువది గిగాబైట్లు తగ్గినచో, విండోస్ పెద్ద మార్పు చేసికొని పాతదానిని విండోస్ ఓల్డ్ అను పేర దాచినదనుకొనవలెను. అది సాధారణముగా పది దినములకు తానే పోవును. తొందరయైనచో పైన చెప్పిన జాబితానుండి తీయవచ్చును. ప్రతిదినము కొంచెము కొంచెము తగ్గుచున్నచో వాట్సాప్ గుంపుల వీడియోలు, లేదా ఫోనులోని ఫోటోలు ల్యాప్‌టాప్‌నకు తామే వచ్చు ఏర్పాటు. తామే దిగకుండ ఆ సెట్టింగులను మార్చవలెను. పని యున్న దినములలోనే తగ్గి, సెలవు దినములలో కదలక యున్నచో డిజైను ప్రోగ్రామునే అనుమానింపవలెను. కొన్ని ప్రోగ్రాములు పది నిమిషముల కొకమారు క్రొత్త ప్రతి దాచును. 100 మెగాబైట్ల బొమ్మపై ఎనిమిది గంటలు కూర్చున్నచో, పాత ప్రతులు తీయనియెడల, సాయంత్రమునకు దాదాపు ఐదు గిగాబైట్లు. స్కానును 300 చుక్కలకు తగ్గించినచో అది నాలుగవ వంతగును. బుటా తిరిగి గీసికొనుటకు 300 చాలును.

మా కార్యాలయపు ల్యాప్‌టాప్‌లో దొంగ వేరు. పోకుండ నుండుటకని పెట్టిన బ్యాకప్ ప్రోగ్రాము వారము వారము ప్రతిని తీసి అదే డిస్కులో పెట్టుచుండెను. డిస్కు చెడినచో రెండును పోవును. చెడకున్నను చోటు పోవుచున్నది.

తుడిచిన ఫైళ్లు రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేయువరకు చోటు విడువవని అందరికి తెలిసినదే. ఐనను మరతురు. విండోస్ అను ఫోల్డరులోనికి పోయి పెద్దదిగా కనబడిన ఫైలునెల్ల చేతితో తీయుట మాత్రము ఎన్నడును చేయరాదు. వన్‌డ్రైవ్ వంటివి వాడువారు ఇంకొకటి గమనింపవలెను. ఆ ఫోల్డరులో తుడిచినది అచ్చటను పోవును. చోటు మాత్రమే కావలసినచో ఫైలుపై కుడి బొత్తాము నొక్కి, ఫ్రీ అప్ స్పేస్ అనుదానిని ఎంచుకొనవలెను. అప్పుడు ఫైలు అచ్చట నిలిచి, ఇచ్చటి చోటు విడుచును.

256 గిగాబైట్లని కొన్న డిస్కు 238 అని చూపుచున్నదని కొందరు అంగడివారితో తగవులాడుచున్నారు. అది మోసము కాదు. తయారుచేయువారు వేయి చొప్పున లెక్కింతురు, విండోస్ 1,024 చొప్పున లెక్కించును. మూర తేడా వంటిది.

పై పనులన్నియు చేసినను చాలకున్నచో పెద్ద డిస్కు వేయించుకొనుట న్యాయమే. సదర్ పత్రప్ప రోడ్డు మనకు నడకదూరము. అయితే అంగడిలో "ఫార్మాట్ చేసెదము" అన్నచో వెంటనే తల యూపవద్దు. ఫార్మాట్ అనగా డిస్కునంతయు తుడుచుట. ముందుగా డిజైన్లన్నిటిని బయటి డిస్కునకు కాపీ చేయవలెను. కట్ చేసి పేస్టు చేయరాదు, నడుమ కరెంటు పోయినచో కష్టము. కాపీ చేసిన పిదప నాలుగైదింటిని ఆ బయటి డిస్కునుండి తెరచి చూచి, బొమ్మ సరిగా వచ్చిన తరువాతనే ల్యాప్‌టాప్‌ను వారి చేతికీయవలెను. వేరొక యింట మరియొక ప్రతి యుండుట మేలు.

డిస్కు పూర్తిగా నిండువరకు ఆగరాదు. చోటు లేనప్పుడు సేవ్ చేసిన ఫైలు సగము వ్రాయబడి, మరల తెరచుకొనకపోవచ్చును. పదవ వంతైనను ఖాళీ యుంచుకొని పని చేయవలెను.

ఈ పనులు తమంతట చేయ సంశయించు సభ్యులు ఆదివారము ఉదయమున కార్యాలయమునకు ల్యాప్‌టాప్‌ను తేవచ్చును. చార్జరును, పాస్‌వర్డు తెలిసిన యింటి పిల్లవానిని కూడ వెంట తీసికొని రావలెను.